సంగీతం కింద రాసిన ఖర్చు

గుణుపురంలో శనివారం సాయంత్రం ఆరున్నర.
జిరాక్సు షాపు షట్టరు సగం దించి
వేళ్ళకంటిన నల్లపొడి కడుక్కోకుండానే
చర్చి తాళంచెవి కోసం సంచీ అడుగంతా దేవుకుంటాను.
ముందు దొరికేవి ఎప్పుడూ వేరే:
ఎవరిదో కులం సర్టిఫికెట్టు,
ఎవరిదో నర్సింగు దరఖాస్తు, ఫొటో అంటించనిది.

మొదట దోమలొస్తాయి. తర్వాత సలోమి.
"ఇవాళ లేటవుతాం అక్కా" అని చెప్పడానికి
అరగంట ముందే వచ్చే కవలలు.

మా పిల్లలకి తెలుగు నోట్లో ఉంది, చేతిలో లేదు.
బళ్ళో దిద్దింది ఒడియా అక్షరం.
తెలుగు పాటని ఆ అక్షరాల్లోనే ఎక్కించుకుంటారు.
ఎ కీ ఏ కీ అక్కడ ఒకటే గుర్తు,
అందుకని 'మెడ వంచి' అని రాసుకున్నది
'మేడ వంచి' అని పాడతారు.
దేవుడి ముందు మేడలు వంచిన పిల్లలు మావాళ్ళు.
కొండ దిగొచ్చిన సవర పిల్లలు
వెనక బల్ల మీద మూడో భాషలో నవ్వుకుంటారు.

కీబోర్డులో మూడు మెట్లు పలకవు.
ఎలియాబు వాటిని దాటేస్తాడు,
వంశధారలో ఏ రాయి జారుతుందో ఎరిగినవాడిలా.
కొత్తదానికని పదకొండు నెలలు కూడబెట్టాం,
క్రిస్మసు నక్షత్రాలు అతికించి అమ్మి,
పెళ్ళి పందిళ్ళలో కుర్చీలు మోసి,
నాలుగువేల మూడువందల అరవై.

బుధవారం రాత్రి పదకొండుకి ఫోను.
ఎవరిదో నంబరు. వెనక రైళ్ళ రొద.
"అక్కా, నేను. అమోసుని."
ఏప్రిల్లో పాట సగంలో లేచిపోయి
రొయ్యల కంపెనీ మేస్త్రీ వెంట వెళ్ళినవాడు.
బెజవాడ స్టేషన్లో ఉన్నాడు. జీతం ఇవ్వలేదు.
అడ్వాన్సు తిరిగి కడితేనే ఆధారు కార్డు ఇస్తారట.
రెండు రోజులుగా కుళాయి నీళ్ళు.
"అమ్మకి చెప్పకు."

ఆదివారానికి నేను సిద్ధం చేసుకున్న వాక్యం విశ్వాసం గురించి.
మూడు పాయింట్లు, ఒక ఉపమానం.
ఆ రాత్రి ఒక్కటీ లేచి నిలబడలేదు.
వాడి పక్కనున్న టీ కొట్టాయన ఫోనుకి డబ్బులు కొట్టాను,
మేస్త్రీకింత, టిక్కెట్టుకింత,
పలాస నుంచి బస్సుకింత, అన్నానికింత.
స్క్రీను మీద మస్తాను అని పడింది.
ఆయనే వెంటనే చేశాడు:
"అందాయమ్మా. అన్నం డబ్బులు వెనక్కి పంపుతున్నా, పిల్లోడు తినేశాడు."
ఈ మాట నా మూడు పాయింట్లలో లేదు.

ప్రార్థన చేశానా అంటే చేశాను.
నిజానికి ఎక్కువసేపు చూసింది బ్యాటరీ శాతం.

శుక్రవారం వాళ్ళమ్మ షాపుకొచ్చింది.
ఎవరు చెప్పారో మరి.
ఆమెకి తెలుగు రాదు, నాకు సవర నాలుగు మాటలు,
అందులో రెండు అన్నం గురించే.
నా చెయ్యి పట్టుకుని చాలాసేపు నిలబడింది.
వెళ్ళేటప్పుడు చూస్తే
నా నల్లపొడి సగం ఆమె అరచేతిలో.

ఆదివారం ఇస్సాకు పెద్దగారు అడగనే అడిగారు:
"ఏటమ్మా, బాజా పెట్టి డబ్బులేటైపోనాయి?"
లెక్కల పుస్తకం తెరిచాను.
కానుకలు, టీ బిస్కట్లు, కరెంటు, సంగీతం.
గుంటడిని ఇంటికి తెచ్చుకోడానికి గడి లేదు.
సంగీతం కింద రాశాను.
ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని
రెండుసార్లు చదివారు.
తన పెన్ను రాయడం లేదని నాది అడిగారు.

అమోసు చర్చికి రాలేదు.
సాక్ష్యం చెబుతాడని కొందరు వెనక్కి వెనక్కి చూశారు.
రెండో పాట నడుస్తుండగా
రోడ్డు మీద సైకిలు,
సరిగ్గా కిటికీ దగ్గర బెల్లు రెండుసార్లు మోగి,
ఆగకుండా పోయింది.
సవర పిల్లలు ముందు నవ్వారు, మేం తర్వాత.
ఆ బెల్లు ఏ శ్రుతో తను పట్టేశానంటాడు ఎలియాబు,
పలకని మూడు మెట్లలో అదొకటట.
నేను నమ్మలేదు.