రెండు వేళ్ల అబద్ధం

నాలుగో స్తంభం ప్రతి ఫిబ్రవరిలోనూ మూగబోతుంది.
ఊరి నెత్తిమీది కొండకి ఆరు స్తంభాలు పాతాం,
మంచు ఎంత లోతో గంటగంటకీ చెప్పమని.
ఐదు చెబుతాయి.
ఇదొక్కటే, మే నెల దాకా రావలసిన బ్యాటరీని
తొంభై రోజుల్లో తాగేసి పడుకుంటుంది.

ఎక్కడ తాగుతోందో చూడాలి.

ఐస్‌లాండ్ పడమటి కొసన
ఒకప్పుడు కాడ్ చేపలు ఎండిన షెడ్డు.
సగం మాది, సగం ఇంకా ఆ వాసనది.
స్టెయిన్‌వోర్ టంకం పెడుతోంది.
నేను నాలుగు రోజులుగా డేటాషీట్లు చదువుతున్నాను,
సంబంధం చూడబోయినవాడు వంశాలు ఆరా తీసినట్టు.

కరెంటు పనంతా చేసి నేలకు తిరిగొచ్చే దారిలో
ఆఖరి గడప మీద ఒక్క ఓమ్ రెసిస్టర్ పెట్టాం.
రేడియో నోరు తెరిస్తే దాని మీద నలభై మిల్లీవోల్టులు.
అంతే. చీమ దగ్గు.
ఆ దగ్గుని పెద్దది చేసి చెప్పే యాంప్లిఫైయర్ కావాలి.

మొదటిది నేలకి ఒక వోల్టు పైనుంచే వింటానంది.
దొరబిడ్డ. పక్కన పెట్టాను.
మాకు కావలసింది మట్టికి చెవి ఆనించేది.

రెండోది బంగారం, తప్పు అయిదు మైక్రోవోల్టులే.
కానీ పదిహేడు మైక్రోఆంపులు మేస్తుంది
రాత్రీ పగలూ.
స్తంభం నిద్రపోయేదే మూడింటితో!
కంచే చేను మేస్తే
స్టెయిన్‌వోర్ నవ్వి టీ కప్పు కింద వేసింది ఆ కాగితం.

మూడోదానికి అర మైక్రోఆంపు చాలు, ఉపవాసి.
కానీ ఏమీ పారనప్పుడు కూడా
ఏదో పారిందంటుంది,
నూటయాభై మైక్రోవోల్టుల కల్పన.

అక్కడే ఆగిపోయాను.

అప్పుడు వచ్చాడు హాఫ్లిదీ, బూట్ల మంచు దులుపుకుంటూ.
స్తంభాలు రాకముందు ఇరవైరెండు చలికాలాలు
కర్ర పట్టుకుని ఆ కొండెక్కి లోతు కొలిచినవాడు.
కర్ర చూపించాడు. అడుగు విరిగిపోయింది ఎప్పుడో.
"రెండు వేళ్లు ఎక్కువ చెబుతుంది," అన్నాడు,
"మార్చలేదా?"
"ఎందుకు? ప్రతిసారీ అవే రెండు వేళ్లు.
తీసేసి రాసుకుంటాను.
కొత్త కర్ర ఇచ్చారొకసారి, చలికి బిగిసేది, ఎండకి సాగేది.
దాన్ని పొయ్యిలో పెట్టాను."

మళ్లీ కాగితాలు తీశాను, ఈసారి వేరే వరుస వెతుకుతూ:
ఎంత తప్పు చెబుతుందని కాదు,
మైనస్ ఇరవైలో ఆ తప్పు ఎంత కదులుతుందని.
ఉపవాసి దాదాపు కదలదు.

ఇంకా కొంత పని.
కొలిచే తీగలు రెండూ రెసిస్టర్ భుజాల నుంచే లాగాం,
దూరం నుంచి లాగితే రాగి కూడా తన ముక్క కలుపుతుంది.
సున్నా దగ్గర పాదాలు నేలకి అతుక్కుపోకుండా
చిన్న పీట వేశాం.
రేడియో ఊరుకున్న క్షణంలో
దాని అబద్ధాన్ని దానితోనే చెప్పించి, రాసుకుని, తీసేస్తాం.
నిద్రలో కారే చుక్కలు దానికి వినపడవు.
తెలుసు. అన్నీ ఒక్క చెవితో వినలేం.

ఫిబ్రవరి పదకొండున గీత వచ్చింది తెర మీద.
గంటకి ఒక్క పొడుపు ఉండాలి.
ఒకటి, రెండు, అయిదు, తొమ్మిది,
వరసగా, ఆగకుండా,
జవాబు రాని తలుపు తట్టినట్టు.

లీకు లేదు. తడి లేదు. బ్యాటరీ మంచిదే.

హాఫ్లిదీ కళ్లద్దాలు నుదుటికి నెట్టి చాలాసేపు చూశాడు.
"యాంటెనా మునిగింది," అన్నాడు.
"కిందనుంచి అరుస్తున్నాడు వాడు."

స్టెయిన్‌వోర్ అప్పటికే కోటు తొడుక్కుంటోంది,
ఊరి పైవరస ఇళ్లకి ఫోన్ చేస్తూ.
నేను పార వెతికాను.
ఆయన కర్ర తీసుకున్నాడు.