మూడోది తాకితే

బావోదింగ్‌లో ఫిబ్రవరి.
జిమ్ము కిటికీల మీద మా ఊపిరే గడ్డకట్టి ఉంది.
కొత్త నిబంధనల పుస్తకం ముప్పై ఎనిమిది పేజీలు.
జిరాక్సు వంకరగా పడి
ప్రతి వరుసలో చివరి అక్షరం సగం తెగింది.
తెగిన సగాల్ని పెన్సిలుతో నేనే పూరించుకుంటున్నాను,
ఒక్క గీత తప్పితే
వేరే ఆట ఆడతానేమోనని భయపడుతూ.

ఫాతిక్ ఇసకలో పెరిగిన ఒళ్ళు నాది.
సెనెగల్లో, మా కుస్తీలో,
ఓడాలంటే వీపు ఇసక తినాలి,
లేదా రెండు చేతులూ రెండు మోకాళ్ళూ కలిసి నేలని ఒప్పుకోవాలి.
ఒక్క చెయ్యి ఆనితే అది ఊతం,
కొసప్రాణంతో వేసుకున్న గుంజ.

ఇక్కడ రెండు పాదాలు కాక
మూడోది ఏది తాకినా పడ్డట్టే.
చిటికెనవేలైనా.

ఈ వాక్యం నా తలకెక్కడానికి ఒక సాయంత్రం పట్టింది.
చేతికి ఇంకా ఎక్కలేదు.

గురువు లువాన్‌కి డెబ్బై ఒకటి.
కుడి అరచేతిలో రెండు ఇనుప గుండ్లు
ఒకదాన్నొకటి తరుముతూనే ఉంటాయి.
కోపమొస్తే ఆగుతాయి.

"పదకొండో పేజీ," అంది ఫూ లాన్‌షిన్,
రెఫరీ పరీక్షకి చదువుతున్న పిల్ల.
"ఇద్దరూ కలిసి పడితే ఇదివరకు మళ్ళీ మొదలు.
ఇప్పుడు పైనున్నవాళ్ళకి ఒక పాయింటు."

కింద పడ్డా నాదే పైచేయి అనేవాళ్ళు
ప్రతి దేశంలోనూ ఉంటారు కాబోలు,
ఇక్కడ వాళ్ళకి పేజీ నంబరేసి మరీ కాదన్నారు.

"పట్టు పట్టకుండా ఊరికే చుట్టూ తిరిగితే హెచ్చరిక."

గుండ్లు ఆగాయి.
"తిరగడమూ కుస్తీయే. మా రోజుల్లో
చూపుతోనే మనిషిని సగం పడేసేవాళ్ళం."
"చూపులకి పాయింట్లు లేవు తాతా."

శనివారం. కాన్వాసు చొక్కాలు, నడికట్లు.
షూ బావ్‌చెన్ నా నడికట్టు అందుకున్నాడు,
నేను వాడి మోచేతి మడత అందుకున్నాను,
తుంటి లోపలికి పెట్టి తిప్పాను.
ఇద్దరం గాల్లో ఒకే మూట.
నేల దగ్గరపడగానే నా ఎడమ చెయ్యి,
నన్నడక్కుండా,
ఇసక కోసం వెళ్ళింది.

బల్ల దగ్గర ముసలాయన జెండా ఎత్తాడు: మళ్ళీ మొదలు.
లాన్‌షిన్ విజిల్ వేసింది: కాదు,
ముందు తాకింది ఇతని చెయ్యి.

జెండా కాసేపు పైనే ఉంది.
నేను ఆ జెండా వైపు చూడలేదు, ఆయన వైపు చూశాను.
పుట్టి పెరిగిన భాషలో
వాక్యం అందక నిలబడ్డ మనిషి.
నాలుగు నెలలుగా నా అద్దంలో చూస్తున్న ముఖమే అది.

రాత్రి గాడిద మాంసం రొట్టెల కొట్లో
పుస్తకం నా వైపు తోశాడు.
"కళ్ళజోడు మర్చిపోయాను. చదువు."
జేబులో కళ్ళజోడు కాడ కనిపిస్తూనే ఉంది.

చదివాను. ఆయన నా స్వరాలు దిద్దాడు,
నేను ఆయన నిబంధనలు దిద్దాను.
ఎవరి పట్టు వాళ్ళకుంది,
విడుపే ఇద్దరం కొత్తగా నేర్చుకుంటున్నాం.

ఒకచోట ఆయనకి నవ్వొచ్చింది.
పోటీదారు పడితే అనాల్సిన చోట
పోటీదారు చేరితే అన్నానట.
రెండూ దావ్.
గొంతు కిందికి వంగి పైకి లేస్తే పడటం,
గొంతు నిట్టనిలువునా పడిపోతే చేరడం.
ఇదెక్కడి న్యాయం అన్నాను.

సూపులో వేలు ముంచి బల్ల మీద రాశాడు:
చేరడం.
దాని ఎడమ పక్కన రెండు గీతలతో
ఒక మనిషిని నిలబెట్టాడు:
పడటం.
ఏమీ వివరించలేదు. ఉల్లికాడ కొరికాడు.
గుండ్లు మళ్ళీ తిరగడం మొదలెట్టాయి.

ఇంకా పదహారు పేజీలున్నాయి.
పొయ్యి వేడికి బల్ల మీద తడి ఆరుతోంది.
పల్చగా గీసినవాడు కదా,
ముందు మనిషి ఆరిపోయాడు.