అప్పడాల పీట మీద హెరాత్

ఇంగువ కట్టిన గుడ్డ అంటారు కదా,
నా దగ్గర నిజంగానే ఒకటుంది.
జానెడు. ముతకది. అంచున నీలం దారం.
యాభై ఏళ్ళుగా ఉతుకుతున్నాను,
ఓడిపోయింది సబ్బే.

బరంపురం, గిరి రోడ్డు వెనక సందు,
పొట్నూరు వారి అప్పడాల కొట్టు.
మేం పదకొండుమందిమి.
తెలుగులో తిట్టుకుని ఒడియాలో రాజీపడేవాళ్ళం.
లెక్క మాత్రం ఎవరి భాషలో వాళ్ళు,
లెక్కలో మోసపోకూడదు కనక.

ఏటా కార్తీకం వెళ్ళాక
మెయిల్లో దిగేవాడు ఇంగువ సాయిబు.
అసలు పేరు సఫర్. అంటే ప్రయాణమట.
"ఇంట్లో కూర్చోమని పెట్టరు కదా ఆ పేరు"
అనేది బంగారమ్మ.
మేకతోలు తిత్తిలో ఎర్రటి బంక.
మూతి విప్పాడంటే
వీధి చివర మంగలి కొట్లో తుమ్ములు.

మాకు అటునించి వచ్చిందంతా కాబూలే.
"కాబూల్ కాదమ్మా, హెరాత్" అనేవాడు
ప్రతి ఏడూ,
అప్పుడే మొదటిసారి చెబుతున్నట్టు.

ఒక ఏడు తుపాను పట్టుకుంది.
గోపాలపురం సముద్రం ఊళ్ళోకి వినబడుతోంది.
ఎండ లేదు. అప్పడం ఆరదు. కూలి లేదు.
రైళ్ళు ఆగిపోయి సాయిబూ కదల్లేడు.
దంచిన మినప్పిండి ఒంటికి నూనె రాసుకుని
పీట మీద పసిబిడ్డలా పడుకుంది.
"మీ ఊళ్ళో ఏటుంది సాయిబూ?" అన్నారెవరో,
తెలుసుకోవాలని కాదు,
వాన ఆగడం లేదని.

అతను చేతులు కడుక్కున్నాడు.
పిండిని చదరంగా అద్దాడు.
మేం ఉండలు కోసే దారం అడిగి పుచ్చుకుని
నిలువునా ఒక వీధి, అడ్డంగా ఒక వీధి.
కలిసిన చోట బొటనవేలు నొక్కి
"నాలుగు బజార్ల కూడలి" అన్నాడు.
ఉత్తరాన పిడికెడు ముద్ద, కోట.
దాని నీడన నీలం గాజు ఊదేవాళ్ళ కొలిమి,
పట్టుకి రంగులద్దేవాళ్ళ సందు.
(మీ బరంపురం పట్టు చూసిన రాత్రి
నాకు నిద్ర పట్టదమ్మా అన్నాడు.)
గోడ అవతల ఒక రాణి కట్టించిన చదువుల మేడ.
దాని మీనార్లకి మా అప్పడాల కర్రలు గుచ్చాడు.
తొమ్మిది, పది, ఇంకా కావాలన్నాడు.
మా దగ్గర పదకొండే.

ఇక చరిత్ర. అదంతా చేతులతోనే.
గ్రీకులొచ్చారు, ఒక గోడ లేచింది.
మంగోలులొచ్చారు, అరచేత్తో ఒక్క చరుపు,
ఊరంతా చప్పట.
"నలభైమంది మిగిలారంటారు.
అందులో ఒకడు ఇంగువ అమ్మేవాడే అయ్యుంటాడు,
వాసనకి ఎవడూ దగ్గరికి రాలేదు."
నవ్వాడు. మేమూ నవ్వేం.
గిల్లి గిల్లి మళ్ళీ లేపాడు ఊరిని.
"తర్వాత, రష్యావాడు వస్తాడని భయపడి
ఇంగ్లీషువాడు మందు పెట్టించాడు,
ఫిరంగి చూపుకి అడ్డమని."
కర్రలు ఒక్కొక్కటే పడుకోబెట్టాడు.
"మరి రష్యావాడొచ్చాడా?" అంది కుందలతా నాని.
"రాలేదు" అన్నాడు.
అయిదు మాత్రం నిలబెట్టి వదిలేశాడు.

మర్నాడు ఎండ.
పిండి పులుస్తోందని పొట్నూరాయన కేకలు.
మినప్పప్పు ధర తెలుసు కదా,
మేం ఏం చేసుంటామనుకున్నారు?
నూనె చేత్తో కోట మీద నేనే మొదలెట్టాను.
కూడలి, గాజు కొలిమి, రాణిగారి మేడ,
అన్నీ దారంతో కోసిన ఉండలు,
ఉండలన్నీ ఒత్తిన చందమామలు.
సాయిబు గుమ్మంలో నిలబడి చూశాడు.
"వాళ్ళకంటే
మీ చెయ్యి మెత్తనమ్మా" అన్నాడు.

ఆ వారం కట్టలు ఇచ్ఛాపురం, పర్లాకిమిడి, జయపురం వెళ్ళాయి.
ఎవరింటి మూకుడులోనో
హెరాత్ ఒక్క క్షణం ఉబ్బి లేచే ఉంటుంది.

వెళ్తూ తిత్తి మూతి గుడ్డ విప్పి ఇచ్చాడు.
నాకే ఎందుకో.
మొదట చెరిపింది నేననేమో.

తర్వాత ఏడేళ్ళు వచ్చాడు.
రష్యావాడు చివరికి వచ్చేశాడని పేపర్లో పడ్డ చలికాలం
రాలేదు.
ఇప్పుడు ఇంగువ డబ్బాలో వస్తోంది,
సగం గోధుమపిండి.
ఎవరికీ తుమ్ము రాదు.

మొన్న టీవీలో హెరాత్ అన్నారు, భూకంపం అన్నారు.
కోడలు ఛానల్ మార్చబోతే ఆగమన్నాను.
కళ్ళజోడు ఆ గుడ్డతోనే తుడుచుకుని
తెర దగ్గరికెళ్ళి
నిలబడ్డ కర్రలు లెక్కపెట్టాను,
నా భాషలో.