కట్ట కింది తడి

మూడేండ్ల సంది ఇక్కడ ఒక్క చుక్క నిలవలే.
అయినా రోజూ ఐదింటికి
ఎండ కంటె ముందుగాల నేను కట్టెక్కుత.
పన్నెండు వందల మీటర్ల మట్టి.
నాకన్న రెండేండ్లు చిన్నది, నాకన్న ఎక్కువ పగిలింది.

మట్టి పోసుడు మా వడ్డెరోళ్ల పని.
పోసినంక చూసుకునుడు ఎవరి పనో
మాకు ఎవ్వలు చెప్పలే. ఒమన్‌కొచ్చి నేర్చుకున్న.

పొక్కలు చూడాలె.
ఉడుము, నక్క, ఒక్కోసారి ముండ్లపంది,
నీడ కోసం తవ్వుకుంటయి పాపం.
తుమ్మ మొలిస్తే వేరుతోని పీకాలె.
ఈ ఎడారిల పచ్చగ ఏది కనబడ్డా
పీకేటోడ్ని నేనే.
"వేరు కుళ్లితే సొరంగం మిగుల్తది" అంటడు
పొక్లెయిన్ నడిపే పఠాన్, గుల్‌జమాన్.
పగులు పక్కన సున్నం గీత, గీత పక్కన తారీఖు.
పైపులల్లకు తాడు దించి చూస్త, పొడిగనే వస్తది.
ఖాతాల రాస్త: నీళ్లు సున్న. ఊట సున్న.

"బోషతీ" అని నవ్వుతరు ఆఫీసుల,
పోశెట్టిల 'ప' వాళ్లకు పలుకది,
"లేని నీళ్లకు కావలోడా!"

మొన్న రాత్రి కొండల దిక్కు ఉరిమింది.
తెల్లారేసరికి వాది నిండ ఎర్రటి నీళ్లు,
ఖర్జూరం మొద్దులు, ఒక మేక,
ఎవరిదో ప్లాస్టిక్ కుర్చీ, కూసున్నట్టే తేలుకుంట.
గేజి మీద తొమ్మిది మీటర్లు.
సైఫ్ బిన్ హమూద్ సాబ్ ఫోన్ చేసిండు:
కట్ట ఎట్లున్నది?

నేను కింద, కట్ట పాదం కాడ, మోకాళ్ల మీదున్న.
రాళ్ల సందుల వేలంత ధార.

కారుడు తప్పు కాదు.
మట్టి కట్టకు చెమట పడ్తది.
ఏం కారుతుందన్నదే లెక్క.
తేటగ వస్తే నీళ్లే పోతున్నయి.
మడ్డిగ వస్తే
కట్ట తన కడుపు తనే తోడుకుంటున్నది.

చాయ్ తాగిన గ్లాసే పట్టిన ధార కింద.
వెలుగుకు ఎత్తిన.
అవతల ఊర్ల బడి బస్సు హారన్ కొట్టింది.
గ్లాసు అడుగున
ఆవగింజంత నలుపు.

చాయ్ మడ్డా? కట్ట మట్టా?

సీసాల ఉన్న తాగే నీళ్లన్ని పోసి గ్లాసు కడిగిన.
బొటనవేలుతోని అడుగు తుడిచి, మళ్ల కడిగిన.
మళ్ల పట్టిన.

ఫోన్ల సాబ్ ఊపిరి వినబడుతున్నది.
"బోషతీ? బోషతీ?"

ఆగుండ్రి సాబ్.
నీళ్లు తేరుకోనియ్యుండ్రి.