ఇరుగు, అరుగు

రొయ్యల ప్లాంటులో రాత్రి షిఫ్టుకు ముందు
అరగంట జపనీసు.
పెట్టెలు ఆ దేశమే పోతాయని
మేనేజరు ఒక నల్లబోర్డు కొన్నాడు.
గదాధర్ పాత్రో సారు ఒడియాలో చెబుతాడు,
నేను తెలుగులో రాసుకుంటాను.

మొదటి వారమే చిక్కుముడి.
ఉండటానికి వాళ్లకు రెండు మాటలట:
ప్రాణమున్నది ఉంటే ఇరు,
లేనిది ఉంటే అరు.
ఆర్యపల్లి దాన్ని, నాకో గుర్తు దొరికింది:
ఇరుగమ్మ ఇరు,
ఆమె కూర్చున్న అరుగు అరు.

"మరి చేప?" అంది రొజాలిన్, వెనక బల్ల మీంచి.
సారు చాక్‌పీసు ఆపాడు.
నీళ్లలో ఉంటే ఇరు.
మన ఐసు ట్రేలో ఉంటే అరు.
చేతి తొడుగులు తొడుక్కోబోతున్న వాళ్లం
కాసేపెవరం మాట్లాడలేదు.
ఆ రాత్రి నా ట్రేలో ఒక రొయ్య మీసం కదిపింది.
ఏ మాట వాడాలో తేలక
దాన్ని చివరికి వదిలేశాను.
రెండు గంటలకు
అదే తేల్చింది.

చలికొక మాట, చల్లనికొక మాట
వాళ్లకున్నాయని సారు గొప్పగా చెప్పాడు గానీ
అవి మనకూ ఉన్నాయి.
ఐసు గదిలో రెండూ ఒకేసారి పట్టుకుంటాయి.

ఇంటికొచ్చి అమ్మతో అన్నాను:
మన మాటలో నాన్న ఉన్నాడు.
గంప ఉంది, కుక్క ఉంది, నువ్వూ ఉంది.
వాళ్ల మాటలో నువ్వూ నాన్నా ఒక వైపు,
కుక్క కూడా మీతోనే.
గంప ఒక్కటే అవతల.
కొర్లమ్మ కవళ్లు ఎండేస్తూ
"ముప్పయ్యేళ్లు నా నెత్తి మీదుంది కదే,
దాన్నెందుకు వేరు చేశారు?" అంది.
చాలాసేపటికి, సగం చేపలు తిరగేశాక,
"నన్ను మీ నాన్న పక్కనేశారా! మంచోళ్లే"
అని నవ్వింది.

తెల్లారగట్ల ఇసకలో నిలబడ్డాం.
ఒడ్డున బోర్లించిన తెప్ప అరు.
లోపల మనిషి ఉండి నడిపే పడవనైతే
ఇరు అనొచ్చట.
అనాలని కాదు, అనొచ్చు,
అన్నాడు సారు, తలగోక్కుంటూ.

అలల అవతల టార్చి వెలుగొకటి
మునుగుతోంది, తేలుతోంది.
"ఏటుందే అక్కడ?"
అమ్మ కళ్లు చికిలించింది.
పరీక్ష కోసం కాకుండా మొదటిసారి
ఆ మాట పైకి అన్నాను.

అమ్మకు అర్థం కాలేదు.
గంప ఎత్తుకుని
నీళ్ల దాకా నడిచింది.