ఎండకు తరుగు లేదు

మిర్చి అమ్మినప్పుడు బస్తాకు రెండు కిలోలు తరుగు,
తేమ ఉందని ఇంకో కిలో,
హమాలీ, దడువాయి, చీటీ రాసినోని చాయ్ పైసలు.
ప్రాణహిత దాటి మూడు మార్కెట్లు తిరిగిన.
నా సరుకు ధర నా నోటితో చెప్పిన రోజు లేదు.

ఇప్పుడు ఎండ అమ్ముతున్న.

నవ్వకుండ్రి. సిరొంచకు పదకొండు కిలోమీటర్ల ఈవల,
బోరు పక్కన పన్నెండు పలకలు నిలబెట్టిన.
మోటరు నడిచేది నాలుగు నెలలు.
మిగిలిన దినాలు అవి
పనిలేని అల్లుని లెక్క ఆకాశం దిక్కు చూస్తుండేవి.

లైన్‌మన్ గెడాం దేవరావు స్తంభమెక్కి
వచ్చే తీగనే పోయే తీగ చేసిండు.
"బాయీ, ఇగ కరెంటు రెండు దిక్కుల నడుస్తది" అన్నడు.
పుట్టింటికీ అత్తింటికీ నడిచిన కాళ్ళు నావి,
నాకు కొత్తనా?

మొదటి బిల్లు మరాఠీల వచ్చింది.
మనుమరాలు వేలు పెట్టి చదివింది:
శిల్లక్.
అంటే?
అంటే మిగిలింది, అవ్వా.

అరవై ఏండ్ల నా లెక్కలల్ల ఆ గడి లేదు.
విత్తనాల బాకీ, మందుల బాకీ,
మా ఆయన్ని పండబెట్టిన దవాఖాన బాకీ,
పూత రాకముందే పంట మీద ఇంకొకరి సంతకం.
ఇక్కడ చూస్తే కంపెనీయే నాకు బాకీ,
నూట పద్నాలుగు యూనిట్లు!
ఆ కాయితం బియ్యం డబ్బాల దాచిన,
పురుగు పట్టకుండ వేపాకు వేసి.

ధరనా? ధర పాత కథనే.
నేనమ్మితే మూడు రూపాయలు,
రాత్రి నేనే కొంటే ఎనిమిది.
కాంటా మారింది గాని దడువాయి చెయ్యి అదే.
ఒక్కటి మాత్రం చెప్త:
ఎండల తేమ ఉందని ఇప్పటిదాక ఎవడూ అనలే.

అసలు సంగతి ఇంకా చెప్పలే.
నా ఎండ యాడికి పోతదని దేవరావును అడిగిన.
నాగపూర్‌కా? ముంబైల ఎవరి అద్దాల మేడకు?
పటకారు సంచిల వేసుకుంట నవ్విండు.
"అంత దూరం దానికి ఓపిక లేదు బాయీ.
నీళ్ళ లెక్క, దగ్గరి పల్లానికే పోతది.
ముందుగాల పక్కింటికి."

పక్కిల్లంటే జాడి బానయ్యది.
గెట్టు రాళ్ళు జరిపినోడు.
మూరెడు భూమి కోసం అహేరి కోర్టు దాకా
తొమ్మిదేండ్లు నన్ను తిప్పినోడు.

ఆ మధ్యాహ్నం చేన్ల నిలబడి విన్న.
ఆయనింట్ల ఫ్యాను కిర్రుమంటున్నది.
దాని కింద, ఒక పక్క పడిపోయిన శేవంతిబాయి.
కొట్లాటల ఉన్న ఆ మూరెడు మీద పడ్డ ఎండే
పలకలెక్కి, తీగ పట్టుకొని పోయి
ఆమె నుదుటి చెమట ఆరబెడుతున్నది.
దీనికి ఏ అమీన్ కొలత పెడతడు?

కోపం రాలేదని చెప్పను.
స్విచ్ దాకా పోయిన.
చెయ్యి పెట్టి లెక్కేసిన:
నేను బంద్ చేస్తే ఆ ఫ్యాను ఆగదు,
పెద్ద లైను మీద తిరుగుతనే ఉంటది.
పోయేటివి నా మూడు రూపాయలే.
పగను గూడ యూనిట్లల్ల చూసుకునే కాలమొచ్చె.
చెయ్యి తీసిన.

రోజూ పొద్దు పొడవకముందు
పాత లుగడ ముక్క తడిపి పలకలు తుడుస్త.
దూది నుసి, పిట్టల రెట్ట, లారీల దుమ్ము.
గెట్టు అవతల బీడీ నిప్పు ఒకటి
నన్ను చూసుకుంట నిలబడి ఉంటది.
మాట లేదు.

ఆయన తుమ్మచెట్టు కొమ్మ ఒకటుండేది,
నాలుగు గంటలకే చివరి పలక మీద నీడ పరిచేది.
మొన్న చూస్తే కొమ్మ లేదు.
తెల్లటి కోత, ఇంకా తడిగనే ఉన్నది.
ఎవరు కొట్టిండ్రని నేనడగలే,
ఎందుకు కొట్టిండ్రని ఎవరూ చెప్పలే.

ఈ నెల శిల్లక్ గడిల
నాలుగు యూనిట్లు ఎక్కువున్నయి.