పక్కకు జరిగిన కన్ను

ఆలోచనలు ఎక్కణ్ణుంచి వస్తాయని
అడుగుతావు తియాగూ,
బల్ల చివర కూచుని నా పెన్సిళ్ళు చెక్కిపెడుతూ.
నాకైతే ముందు వాసనొస్తుంది.

చేపల వాసన, టొమాటో ఉడికే వాసన,
తగరం రేకు వేడెక్కితే వచ్చే వాసన.
మా మటుజీన్యుష్‌లో పడవలు రేవుకొస్తే
ఫ్యాక్టరీ సైరన్ మోగేది, వేళాపాళా లేకుండా.
అర్ధరాత్రి వీధంతా చెక్కచెప్పుల చప్పుడు,
సగం ముడేసిన జడలు,
ఏప్రాన్ నాడాలు నడుస్తూనే బిగించుకునే ఆడవాళ్ళు.
ఎవరి నిద్ర కోసమూ చేప ఆగదు కదా.

అమ్మకు అక్షరం ముక్క రాదు.
ఏ డబ్బాకు ఏ లేబులో బొమ్మను బట్టే పోల్చుకునేది.
గాడిద ఉంటే ఆలివ్ నూనె,
తెరచాప ఉంటే టొమాటో,
గొడుగు పట్టుకున్న పిల్ల ఉంటే మిరపకాయ.
ఒక ఏడు యజమాని కొడుకు
కొత్త ఫ్యాషన్ అని బొమ్మలు తీసేసి
ఒట్టి అక్షరాలు అచ్చేయించాడు.
ముప్పై ఆరు డబ్బాలకు వేరేవాళ్ళ బట్టలు తొడిగిందట అమ్మ.
ఆ వారం జీతంలో కోత.
ఏడవలేదు.
ఇంటికొచ్చి ఉల్లిపాయలు తరిగింది,
కూరకు కావలసినదానికంటే చాలా ఎక్కువ.

తప్పు అచ్చులు జేబులో దాచి తెచ్చేది నాకు.
వెనక నున్నగా, తెల్లగా. నా మొదటి కాగితాలు అవే.
ముందువైపు ఎరుపు ఒకచోట, నలుపు ఇంకోచోట పడి
గాడిద కన్ను గాడిద తల దాటి
గాలిలో వేలాడేది.
అందరూ పారేసేది అందుకే,
నేను దిండు కింద పెట్టుకున్నదీ అందుకే.
మనకు చెప్పకుండా ఎటో చూస్తున్నట్టుండేది అది.

పొద్దున్నే బొమ్మ వెయ్యను నేను.
ట్రామెక్కి చివరిదాకా పోతాను.
మొహాల జోలికి పోను, చేతులే గీసుకుంటాను:
చిల్లర లెక్కపెట్టేవి,
రొట్టె సంచి మూతి నలిపేవి,
ఒక ముసలాయనవి, ఒకదాన్నొకటి ఓదార్చుకునేవి.
ఇంటికొచ్చి మొదటి గీత ఎడంచేత్తో వేస్తాను.
కుడిచెయ్యి చెయ్యి తిరిగింది, అబద్ధాలు బాగా వచ్చు దానికి.

ఒక నక్కకు పదకొండు రోజులు పట్టింది.
పన్నెండో రోజు చూస్తే అది మా పిన్ని ఇద్దలీనా.
తోక మాత్రం నక్కదే.

రంగులు మూడే. పసుపు, ఇటుక ఎరుపు, కాటుక నలుపు.
ఆ లేబుళ్ళ యంత్రానికి అంతే తాహతు,
నాకూ అంతే అలవాటైంది.
నీలం ఎందుకు లేదంటావా,
మా అట్లాంటిక్ నీలంగా ఉండేది ఏడాదికి పది రోజులు,
మిగతాదంతా పెన్సిలు రంగే.

లిస్బన్ నుంచి సంపాదకురాలు రాస్తుంది,
మూడో పేజీలో కుందేలు కన్ను కాస్త జరిగింది,
సరిచేస్తారా అని.
సరిచేసి పంపుతాను.
ఏడో పేజీలో జరుపుతాను.

నా మొదటి పుస్తకం ఇంటికొచ్చిన రోజు
అమ్మ దాన్ని డబ్బాలా అటూ ఇటూ తిప్పింది,
ఎక్కడైనా కారుతోందేమోనని అంచులు తడిమింది.
తర్వాత పేజీ పేజీకీ వేలు పెట్టి
నాకు కథ చెప్పింది.
పుస్తకంలో రాసిన కథ కాదు అది.
రచయిత గుర్రం వానలో తడిసి ఇంటికొస్తుంది, అంతే.
అమ్మ గుర్రం రేవుదాకా వెళ్ళి
రాత్రి పనికి రావలసిన డబ్బులు అడిగి
అప్పుడు ఇంటికొస్తుంది.
కాదని అనబోయి బొమ్మ చూశాను.
నిజమే, దాని మెడ వంపులో
ఆ అడగడం ఉంది.
ఎప్పుడు గీశానో తెలియదు.

రాసుకోకు తియాగూ ఇవన్నీ.
ఆ పెన్సిలు కూడా చాలించు, మరీ మొన తేలితే
కాగితం భయపడుతుంది.

ఫ్యాక్టరీ ఉన్నచోట ఇప్పుడు ఫ్లాట్లు,
బాల్కనీల్లో సైకిళ్ళు ఆరేశారు.
సైరన్ ఎవరు పట్టుకెళ్ళారో.
అయినా కొన్ని రాత్రులు ఉలిక్కిపడి లేస్తాను,
కాళ్ళు చీకట్లో చెప్పుల కోసం తడుముతాయి,
బల్ల మీద కాగితం తెల్లగా,
తడిగా ఉన్నట్టు మెరుస్తుంటుంది.
దీపం వేస్తాను.
చేప ఆగదు కదా.